“ఎంచుకొనుడి” అన్న మాట మీద ఒక పాత క్యాషియర్ వాదం

పోయిన చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం, కడపలో మా సంఘంలోని యువకులతో కలిసి బైబిలులో అపొస్తలుడైన పౌలు రాసిన రోమా పత్రిక ఆరవ అధ్యాయం చదువుతున్నాము. పదకొండో వచనం ఒక అమ్మాయి గట్టిగా చదివింది: “అటువలె మీరును పాపము విషయమై మృతులుగాను, దేవుని విషయమై క్రీస్తుయేసునందు సజీవులుగాను మిమ్మును మీరే యెంచుకొనుడి.” దీని అర్థం ఏమిటని అడిగాను. ఇంజనీరింగ్ చదువుతున్న ఒక పిల్లవాడు తడుముకోకుండా, “పాపానికి చచ్చిపోవాలని మనమే ఎంచుకోవాల మామా. డెసిషన్ మనదే” అన్నాడు. తక్కిన పిల్లలు తలలూపారు. నేనూ ఊపబోయి ఆగిపోయాను.

ఆ పిల్లవాడిది తప్పని ఎట్లా అనగలను? వాడికి తెలిసిన తెలుగులో ఎంచుకోవడమంటే నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టడం, కాలేజీలో ఏదో ఒక బ్రాంచి తీసుకోవడం. మా అవ్వ తెలుగులో మాత్రం ఎంచడమంటే లెక్కపెట్టడం. సంతలో గొర్రెపిల్లను అమ్మి వచ్చిన దుడ్లు నా చేతిలో పోసి, “ఎంచు నాయనా, సరిగా ఉండాయో లేదో” అనేది. తప్పులెన్నడం అన్న మాటలో ఇప్పటికీ మిగిలి ఉన్నది ఆ లెక్క అర్థమే. మన బైబిలును అనువదించినవారు గ్రీకులోని ‘లోగిజొమై’ అనే క్రియకు ఈ మాటను వాడారు. గ్రీకువారి వ్యాపారంలో, పద్దుల్లో నలిగిన మాట అది. అదే పత్రిక నాలుగో అధ్యాయంలో ఆ క్రియ పదకొండు సార్లు వస్తుంది. “అబ్రాహాము దేవుని నమ్మెను, అది అతనికి నీతిగా ఎంచబడెను” అన్నప్పుడు, నీతిని ఎవరో ఏరుకున్నారని మనలో ఎవరూ అనుకోము, అది అతని పద్దులో జమ పడిందని అనుకుంటాము. రెండు అధ్యాయాలు దాటి ఆరుకు వచ్చేసరికి అదే మాట ఎంపికగా, తీర్మానంగా, మన మనోబలానికి పెట్టిన పరీక్షగా మారిపోతోంది. మా ప్రాంతంలో పాపవిముక్తిని గురించి జరిగే ప్రసంగాల్లో సగం ఈ ఒక్క క్రియను తప్పుగా వినడం మీదనే నడుస్తున్నాయని నా అనుమానం. అందుకే ఇంత పొడుగు వ్యాసం రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా ఒక సహకార సంఘంలో క్యాషియర్‌గా పనిచేసి రిటైరైన మనిషిని నేను. ఎంచడం నా వృత్తి. సాయంత్రం కౌంటరు మూసి, తడి స్పాంజికి వేళ్ళు అద్దుకుంటూ నోట్లు ఎంచి, రబ్బరు బ్యాండు వేసి, ఆ మొత్తాన్ని చిట్టాతో సరిచూసుకోవడంతో నా రోజు ముగిసేది. ఒకనాడు అయిదు వందలు తక్కువ వచ్చింది. ఆ తక్కువ క్యాషియర్ జేబులో నుంచే పోవాలి కాబట్టి చెమటలు పట్టాయి. రెండోసారి ఎంచాను, అంతే తేలింది. మూడోసారి ఒక్కొక్క నోటును గోటితో విడదీస్తూ పోతే, కొత్త నోట్లు రెండు ఒకదానికొకటి అతుక్కొని కనబడ్డాయి. డబ్బు పొద్దున్నుంచీ పెట్టెలోనే ఉంది. దిద్దుకోవలసింది నా లెక్క. ఇందులో నాకు తెలిసిన సంగతి ఒకటుంది: ఎంచడం వల్ల నోటు పుట్టదు, ఎంచకపోవడం వల్ల చావదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఒప్పుకోవడమే ఆ పని. పౌలు అడుగుతున్నదీ అదేనని నేను అంటాను. పాపం విషయంలో చచ్చిపొమ్మని ఆయన ఎవరికీ ఆజ్ఞ ఇవ్వడంలేదు. చచ్చిపోయి ఉన్నారు గనుక ఆ లెక్కను సరిగా చూసుకొమ్మంటున్నాడు. ఆరవ అధ్యాయం మొదటి పది వచనాల్లో ఒక్క ఆజ్ఞ కూడా లేదు. ప్రశ్నలున్నాయి, జరిగిపోయిన సంగతుల వరుస ఉంది. మొట్టమొదటి ఆజ్ఞ పదకొండో వచనంలో వస్తుంది, అదీ ఈ ‘ఎంచుకొనుడి’.

ఈ తేడా నాకు పుస్తకాల వల్ల తెలిసి ఉంటే బాగుండేది. తెలిసింది మట్కా వల్ల. సంఘంలో పెద్దరికం చేస్తూ, ఇతరుల డబ్బును నయాపైసా తేడా రాకుండా కాపాడుతూ, నా సొంత డబ్బును పన్నెండేళ్ళపాటు మట్కా చీటీలకు తగలేశాను. రోజూ యాభయ్యో వందో; ఓపెన్‌కు ఒక అంకె, క్లోజ్‌కు ఒక అంకె. నా భార్య మెడలోని గొలుసు రెండుసార్లు తాకట్టుకు వెళ్ళింది. నేను ఊరకే ఉండలేదు, పోరాడాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకోవడం మా సంఘాల్లో అలవాటు కదా, దాని మీద దేవుని వాక్యం ఉంటుంది. ఆ కార్డు వెనక నా వాగ్దానం నేను రాసేవాడిని. “ఈ ఏడు చీటీ రాయించను.” అట్లాంటివి ఏడు కార్డులు నా బైబిలులో పోగయ్యాయి. ఎక్కువ కాలం నిలిచినది భస్మ బుధవారం (ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో శ్రమదినాలు మొదలయ్యే రోజు) దాకా నిలిచింది. ఒకటైతే సంక్రాంతి కూడా చూడలేదు.

ఆ కార్డుల్లో నేను నిజాయితీగా రాయనిది ఒక్కటీ లేదు. అవి ఎందుకు నిలవలేదన్నది చాలా కాలం తరువాత అర్థమైంది. ఆ తీర్మానం చేస్తున్నవాడు కూడా ఆ పాత మనిషే. యజమాని ఇంట్లో కూర్చొని, యజమాని ఇచ్చిన కలంతో, దాసుడు తనకు తానే రాసుకున్న సెలవు చీటీ వంటిది ఆ కార్డు. సెలవు ఎన్ని రోజులైనా ఉండవచ్చు, అది విడుదల కాదు. యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయంలో యేసు పాపం చేసే ప్రతివాడూ పాపానికి దాసుడని చెప్పి, వెంటనే “కుమారుడు మిమ్మును స్వతంత్రులనుగా చేసినయెడల మీరు నిజముగా స్వతంత్రులై యుందురు” అంటాడు. ఆ వాక్యంలో చేసేవాడు కుమారుడు. దాసుడి వంతుకు క్రియ లేదు.

అయితే జరిగిపోయిన సంగతి ఏమిటి? దీనికి మా సంఘాల్లో ఎవరిని అడిగినా “యేసు మనకు బదులుగా చనిపోయాడు” అంటారు. సత్యమే. కానీ పౌలు ఆరవ అధ్యాయంలో ఒత్తి చెప్పే మాట ‘బదులుగా’ అన్నది కాదు, ‘తోకూడ’ అన్నది. “ఆయనతోకూడ పాతిపెట్టబడితిమి.” “మన ప్రాచీన స్వభావము ఆయనతోకూడ సిలువవేయబడెను.” హెబ్రీ పత్రికలో యేసును నిబంధనకు పూటకాపు అన్నారు; పూటకాపు అంటే జామీను నిలిచి మరొకరి బాకీ తీర్చేవాడు. జామీనుదారులను నేను చాలామందిని చూశాను. వాళ్ళు బాకీ కట్టి రసీదు తీసుకొని వెళ్ళిపోతారు, బాకీదారు మాత్రం పాత మనిషిగానే మిగిలి, మరుసటి ఏడు మళ్ళీ కౌంటరు ముందు నిలబడతాడు. యేసు పూటకాపు మాత్రమే అయి ఉంటే మన కథ కూడా అంతటితో ఆగి, బాకీ పోయి బుద్ధి మిగిలేది. 16వ శతాబ్దంలో సంఘ సంస్కర్త జాన్ కాల్విన్ ఈ సంగతినే పట్టుకొని, క్రీస్తు మనకు వెలుపల ఉన్నంతకాలం ఆయన చేసిన మేలంతా మనకు నిష్ప్రయోజనమేనని తేల్చి చెప్పాడు. అడాల్ఫ్ డైస్‌మన్ అనే జర్మన్ పండితుడు 1892లో పౌలు పత్రికల్లోని “క్రీస్తునందు”, “ప్రభువునందు” వంటి మాటల మీద ఒక పుస్తకమే రాశాడు. 164 చోట్ల ఉన్నాయని ఆయన లెక్క. ఎంచే వృత్తిలో ఉన్న నాకు ఆయన మీద ప్రత్యేకమైన గౌరవం. మనం మాత్రం ఆ “అందు” అన్న చిన్న మాటను ప్రార్థన చివర వచ్చే మర్యాద మాటలాగా దాటిపోతాము.

ఇక్కడ బాప్తిస్మం సంగతి ఒకటి చెప్పాలి. కడపలో లండన్ మిషనరీ సొసైటీవారు 1822లో పని మొదలుపెట్టారు. ఆ మిషను సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. మా పెద్దలు ఆ వరుసలో వచ్చినవారు గనుక నాకు పసితనంలో నీళ్ళు చిలకరించారు. మా వీధి చివరి సంఘంవారు ముంచుతారు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరే కె.సి. (కర్నూలు–కడప) కాలువకు నీళ్ళు వదిలారని తెలిస్తే చాలు, తెల్లబట్టలు కట్టుకొని గట్టు మీదికి వెళ్ళిపోతారు. నీళ్ళు ఎన్ని ఉండాలన్న దాని మీద మా రెండు సంఘాల మధ్య ముప్పై ఏళ్ళుగా వాదం నడుస్తోంది. ఒకసారి చూడడానికి నేనూ వెళ్ళాను. ఒక పెద్దాయన చెప్పులు గట్టున విడిచి, తువ్వాలు మడిచి వాటి మీద పెట్టి, మోకాళ్ళు వణుకుతుండగా కాలువలోకి దిగాడు. ఆయనను వెనక్కి వాల్చి ముంచినప్పుడు తల పూర్తిగా మునిగి, ఎర్రమట్టి నీటి మీద ఒక క్షణం ఏమీ లేకుండా పోయింది. ఆ క్షణంలో ఆయన చేసింది ఏమీ లేదు. ముంచారు, లేపారు. పసిబిడ్డగా నేను చేసింది కూడా ఏమీ లేదు. “క్రీస్తుయేసులోనికి” అని పౌలు అన్న చోట మేమందరం నీటి లోతును కొలుస్తున్నాము గానీ, ‘లోనికి’ అన్న మాట లోతును కొలిచినవాళ్ళు రెండు సంఘాల్లోనూ తక్కువే.

మరి విడుదలైనవాడు దాసుడిలాగా ఎందుకు ప్రవర్తిస్తాడు? దీనికి నాకు మా తాత గుర్తుకు వస్తాడు. ఆయన ఒక ఆసామి దగ్గర అప్పు కింద జీతానికి కుదిరినవాడు. ప్రతి ఉగాదికీ లెక్క చూసేవారు, ప్రతి ఉగాదికీ అప్పు తరగకపోగా కొంచెం పెరిగి ఉండేది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. దాని అమలు 1975 అక్టోబరు 25 నుంచే మొదలైనట్టు లెక్క. ఆ చట్టం ప్రకారం అటువంటి అప్పులన్నీ ఒక్క కలం పోటుతో రద్దయిపోయాయి. తాత స్వతంత్రుడయ్యాడు. అయినా ఆ తరువాత చాలా ఏళ్ళకు కూడా, వీధిలో ఆసామి గొంతు వినబడితే చాలు, ఆయన నులక మంచం మీద నుంచి లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకొనేవాడు. చట్టం ఆయన కాళ్ళకు తెలియలేదు. “చావునకు లోనైన మీ శరీరమందు పాపమును ఏలనియ్యకుడి” అని పన్నెండో వచనం చెప్పేది ఆ కాళ్ళకే అనిపిస్తుంది నాకు. అధికారం పోయిన యజమాని కేకవేయడం మానడు. ఆ కేకకు లేచి నిలబడవలసిన బాధ్యత మాత్రం ఇక లేదు.

ఈ పోలిక ఇంతవరకే పనికివస్తుంది. చట్టం తాత అప్పును రద్దు చేసింది గానీ, తాతకు కొత్త ప్రాణం పోయలేదు. క్రీస్తుతో ఐక్యం అనేది దస్తావేజు కాదు. పౌలు ఈ అధ్యాయం అయిదో వచనంలో వాడిన గ్రీకు మాటకు కలిసి పెరిగినవారమన్న అర్థం ఉంది; మన బైబిలులో “ఐక్యముగలవారమైన” అని ఉంది. కలిసి పెరగడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే లింగాల మండలంలో మా బావమరిది చీనీ (బత్తాయి) తోటకు పోవాలి.

చీనీ చెట్టును మామూలుగా సొంత వేరు మీద పెంచరు. జంబేరి అనే నిమ్మజాతి మొక్కను పెంచి, దాని కాండం మీద బెరడును చిన్నగా చీల్చి, మంచి చీనీ కొమ్మ నుంచి తీసిన ఒక కన్నును, అంటే చిగురు మొగ్గను, ఆ చీలికలో దూర్చి కట్టు కడతారు. కొన్ని వారాలకు ఆ కన్ను పచ్చగానే ఉంటే అంటు పట్టిందని లెక్క. అప్పుడు పైనున్న జంబేరి తలను కోసేస్తారు. ఇక ఆ చెట్టు చీనీ చెట్టు. సంతలో దాన్ని జంబేరి అనేవాడు ఉండడు. అయితే అంటుకు కింద, నేలకు దగ్గరగా, జంబేరి చిగుళ్ళు ఏటా పొడుచుకొని వస్తూనే ఉంటాయి. ముళ్ళు ఉంటాయి, చాలా బలంగా పెరుగుతాయి, చూడకుండా వదిలేస్తే చీనీ కొమ్మలకు అందవలసిన సారమంతా అవే తాగేస్తాయి. మా బావమరిది కొడవలితో వాటిని మొదలంటా గోకేస్తూ తోటంతా తిరుగుతాడు. “చిగురొచ్చినప్పుడల్లా మళ్ళీ అంటు కట్టాల్నా?” అని ఒకసారి ఎగతాళికి అడిగాను. ఆయన నా వంక జాలిగా చూసి, “అంటు పట్టి పదేండ్లయింది బావా” అన్నాడు.

ఏడు కార్డులు రాసిన నేను ఏడుసార్లు మళ్ళీ అంటు కట్టడానికి ప్రయత్నించినవాడిని.

ఈ పోలికలో కూడా ఒక మెలిక ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. మన తోటల్లో అడవి వేరు మీద మంచి కన్ను కడతారు. అదే పత్రిక పదకొండో అధ్యాయంలో పౌలు చెప్పేది దీనికి తలకిందులు: అడవి ఒలీవ కొమ్మను తెచ్చి మంచి ఒలీవ చెట్టుకు కట్టారట, అదీ స్వభావ విరుద్ధంగా. రైతులు మామూలుగా చేయని పని అది. పైన ఏ కన్ను కడితే ఆ కాయే కాస్తుంది కాబట్టి, అడవి కొమ్మను మంచి చెట్టుకు కట్టినా అడవి కాయలే రావాలి. క్రీస్తు విషయంలో మాత్రం వేరులోని జీవం కొమ్మ స్వభావాన్ని మార్చుకుంటూ పోతుంది. నేను మంచి కన్నును కాను, వేరే మంచిది. ద్రాక్షావల్లిలో నిలిచి ఉండమని యేసు తీగెలకు చెప్పినప్పుడు, కాయలు కాయడానికి ప్రయాసపడమని చెప్పలేదు, నిలిచి ఉండమన్నాడు.

ఇదంతా వింటే ఒక ఆక్షేపణ పుట్టాలి. పుట్టకపోతే నేను సరిగా చెప్పలేదన్నమాట. చచ్చిపోయి లేచినవాళ్ళమైతే, కృప ఇంత ఉచితమైతే, ఇష్టం వచ్చినట్టు బతకవచ్చు గదా? ఈ ఆక్షేపణ పౌలుకు ముందే ఎదురైంది, అధ్యాయం దానితోనే మొదలవుతుంది. “కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?” ఆయన జవాబులో బెదిరింపు లేదు. అట్లా చేస్తే నరకానికి పోతారనలేదు, సంఘంలో నుంచి వెలివేస్తారనలేదు. చచ్చినవాడు ఎట్లా బతుకుతాడని తిరిగి అడిగాడు. ఒక మంచి బోధ ఈ ఆక్షేపణకు చోటిచ్చేంత ఉచితంగానూ, ఈ జవాబు చెప్పగలిగేంత లోతుగానూ ఉండాలి. మా ప్రాంతపు బోధలో చాలా భాగం ఈ ఆక్షేపణే రాకుండా జాగ్రత్తపడుతుంది, సినిమా చూడవద్దు, బొట్టు పెట్టవద్దు, నగలు వద్దు అన్న చిట్టాలతో. ఆ చిట్టాల కింద నా మట్కా పన్నెండేళ్ళు హాయిగా బతికింది.

దీనికి ఎదురుగా మరో బోధ ఉంది. నిజంగా రక్షణ పొందినవాడికి ఇక పాపపు తలంపే రాదని, వస్తే వాడి రక్షణనే అనుమానించాలని అంటారు. జంబేరి చిగురు కనబడగానే చెట్టును పీకేయమనడమే ఇది. “నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను” అని ఏడో అధ్యాయంలో మొరపెట్టినవాడు విశ్వాసి అవునా కాదా అని శతాబ్దాలుగా వాదం ఉంది. తొలినాటి సంఘపు మహాపండితుడు అగస్టీను అంతటివాడే మొదట ఒక విధంగా చెప్పి, తరువాత అభిప్రాయం మార్చుకున్నాడు. ఆ వాదం నేను తేల్చలేను. నేను ఆ గొంతును గుర్తుపట్టానని మాత్రం చెప్పగలను.

ఆ సాయంత్రం ఆ ఇంజనీరింగ్ పిల్లవాడు చివరిదాకా విని, “కానీ మామా, నేను చచ్చిపోయినట్టు నాకేం అనిపించడంల్యా” అన్నాడు. ఇది అందరికన్నా నిజాయితీ గల ప్రశ్న. నోట్లు అతుక్కుపోయిన రోజు నాకు అయిదు వందలు పోయాయనే అనిపించింది, గుండె దడ కూడా వచ్చింది. అనిపించడానికీ ఎంచడానికీ సంబంధం లేదు. క్రీస్తు చచ్చి లేచాడన్నది నాకు అనిపించడం వల్ల నిజం కాలేదు. ఆయనతోకూడ నేనూ లేచానన్నది దాని వెంబడి వచ్చేదే కాబట్టి, అది నా మనసు బాగున్న రోజున పెరిగి, బాగాలేని రోజున తరిగేది కాదు. అనిపించడం ఎప్పుడు వస్తుందని వాడు మళ్ళీ అడిగాడు. కొన్నిసార్లు ఆలస్యంగా వస్తుందని చెప్పాను. మా తాత కాళ్ళ సంగతి కూడా చెప్పాను.

నాలుగేళ్ళ కిందట, ఈ అధ్యాయం ఇట్లా అర్థమైన తరువాత కూడా, నేను ఒకసారి పడ్డాను. బస్టాండు దగ్గర పాత చీటీలవాడు ఎదురుపడి, “ఏమన్నా, కనపడేదే లేదు” అని నవ్వాడు. రెండు వందలు ఇచ్చి ఒక అంకె రాయించి, ఇంటికి నడిచివచ్చేసరికి నోరు ఎండిపోయింది. పాత పద్ధతి ప్రకారమైతే సంగతి దాచిపెట్టి, రెండు మూడు నెలలు ప్రభు సంస్కారానికి (సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి) దూరంగా ఉండి, డిసెంబరు 31 వచ్చేదాకా కాచుకొని ఎనిమిదో కార్డు రాయవలసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నా భార్యకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు, కంచం తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం నేను సంస్కారం తీసుకున్నాను. చేయి వణికింది, అయినా తీసుకున్నాను. తరువాతి నెల మొదట్లో ఆమె బీరువాలో నుంచి ఇంటి ఖర్చు డబ్బు తీసి, ఎన్నో ఏళ్ళ తరువాత మొదటిసారి నా చేతిలో పెట్టి, “ఎంచు” అంది. వేళ్ళు తడి చేసుకొని ఎంచాను. సరిగ్గా ఉంది.